నాన్న జీపు కమానీలు, అమ్మ పులుసు గిన్నె

రాయ్‌పూర్ రాజధాని అయిన కొత్తలో ఊరందరికీ ఏదో ఒక పిచ్చి పట్టుకుంది. కొందరు మోవా వైపు స్థలాలు కొనిపడేశారు, కొందరు పాతిళ్ళు కొట్టేసి మేడలు లేపారు, మా నాన్న మాత్రం మిలిటరీవాళ్ళు ఇక మావల్ల కాదని వేలంలో వదిలించుకున్న జీపొకటి కొనుక్కొచ్చాడు. రైల్వేలో వాగన్లు బాగుచేసి బాగుచేసి రిటైరైన మనిషి, ఇంక ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటాడనుకున్న అమ్మ ఆశలన్నీ ఆ రోజే మా గేటు దగ్గర కూలిపోయాయి. (గేటు కూడా కొంచెం కూలింది. జీపు బ్రేకులు అప్పటికింకా నాన్న మాట వినడం మొదలెట్టలేదు.) నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మెకానికల్ డిప్లొమా చంకలో పెట్టుకుని, బీర్‌గావ్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగ్ సెక్షన్‌లో ట్రైనీగా చేరాను. అక్కడ ఆడపిల్లని నేనొక్కదాన్నే కాబట్టి, దేశంలో ఇంజనీరింగ్ అంతా నా భుజాల మీదే నడుస్తోందని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల నెత్తిన ఒక్క మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది గానీ, ఆ పొగరు లేకపోతే ఈ కథ జరిగుండేది కాదు.

ఇంట్లో జీపు పార్టీ వాళ్ళం ముగ్గురం: నాన్న, నేను, మావయ్య. మావయ్య అంటే అమ్మ తమ్ముడు, గూడ్సు బండి గార్డు, మా పక్క వీధే. అవతలి పార్టీలో అమ్మ ఒక్కతే. అయినా మెజారిటీ ఎప్పుడూ అమ్మదే. అమ్మ నర్సు. ఇంజెక్షన్ సూది పట్టుకుని "కదిలావంటే విరుగుద్ది" అని పెద్ద పెద్ద మీసాలవాళ్ళని కూడా కట్టెల్లా పడుకోబెట్టిన గొంతు. ఆ గొంతు ముందు జీపేమిటి, దాన్ని నడిపిన మిలిటరీ అయినా నిలబడదు.

ఇంతకీ జీపుకి వచ్చిన రోగం ఏంటంటే, చక్రాల దగ్గర ఇనుప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి, విల్లులా వంచి కట్టిన కట్టలుంటాయి. మా గోదావరి వైపు కమాను కట్టలంటారు, ఇక్కడ కమానీలంటారు. గోతిలో చక్రం పడితే ఆ దెబ్బ వాటిదాకానే ఆగాలి, కూర్చున్నవాళ్ళకి తెలియకూడదు. మా జీపు కమానీలు తమ జన్మలో ఎన్ని గోతులు చూశాయో గానీ, మా ఇంటికొచ్చేసరికి వంపు పోయి చప్పిడి దవడల్లా తయారయ్యాయి. పట్టీల మధ్య తుప్పు, చివర్లు అరిగిపోయి కాగితాలు, ఎడమ వైపైతే ఒక పట్టీకి బీట. అందుకని జీపు ఎప్పుడూ ఎడమ పక్కకి ఒరిగి, నడుం నొప్పితో బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఉండేది. గోతిలో పడగానే కింద ఇరుసు పైకొచ్చి బండి ఛాసిస్‌కి ఠంగుమని కొట్టుకునేది. ఆ ఠంగు మన వెన్నుపూసలో ఎక్కడ తగిలిందో లెక్కపెట్టి చెప్పచ్చు.

ఆ ఠంగే కొంప ముంచింది. చర్చిలో ఎవరో పాపాయి బాప్తిస్మం విందుకి అమ్మ చేపల పులుసు చేసింది. అమ్మ పులుసంటే మా తెలుగు చర్చిలో ఆషామాషీ కాదు. పాస్టరయ్యగారు ప్రసంగం కుదించేవారు దానికోసం. పెద్ద గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కొత్త పట్టుచీర కట్టుకుని, నాన్న బతిమాలితే జీపెక్కింది. దారిలో రైలు గేటు దగ్గర ఠంగు! మూత ఎటు పోయిందో తెలీదు, సగం పులుసు అమ్మ ఒళ్ళో, పావు నాన్న చెవిలో. ఇంటికి తిరిగెళ్ళే టైము లేదు. ఆరాధనంతా అమ్మ ఆ చీరతోనే కూర్చుంది. మా వరసలో బెంచీ మొత్తం మేమే, ఎవరూ దగ్గరికి రాలేదు. పైగా ఆ రోజు వాక్యం పేతురు చేపలు పట్టడం గురించి. మావయ్య నవ్వాపుకోలేక బయటికి పారిపోయాడు.

ఇంటికొచ్చాక అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. నెమ్మదిగా, చీటీ మీద మందు రాసిచ్చినట్టు చెప్పింది. "చూడండి. వచ్చే కోతపండక్కి ఇదే గిన్నె, ఇదే పులుసు, ఇదే దారి, ఇదే బండి. నేను ముందు సీట్లో కూర్చుంటాను. ఒక్క చుక్క ఒలికిందా, సోమవారం పొద్దున్నే భన్‌పురి పాత ఇనుము కబాడీవాణ్ణి నేనే పిలుస్తాను. తూకానికి ఇచ్చేస్తాను." నాన్న నా వైపు చూశాడు. నేను మావయ్య వైపు చూశాను. మావయ్య, "అక్కా, చుక్కంటే ఎంత సైజు చుక్క?" అన్నాడు. అమ్మ చూసిన చూపుకి మావయ్య టీ కూడా తాగకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు. (ఆ రోజు డ్యూటీ లేదు.)

మర్నాటి నుంచి వాకిట్లో యజ్ఞం మొదలు. నాన్నది రైల్వే పద్ధతి. జబ్బు పడ్డ వాగన్ మీద 'సిక్' అని సుద్దముక్కతో రాసి పక్క లైన్లో పెట్టడం వాళ్ళ ఆచారం. కాబట్టి ముందు జీపు తలుపు మీద పెద్దక్షరాలతో 'సిక్' అని రాశాడు. ("తెలిసిన ముక్కేగా!" అంది అమ్మ వంటింట్లోంచి.) తర్వాత జాకీలు పెట్టి లేపి, చక్రాలు ఊడదీసి, కమానీని ఇరుసుకి బిగించే యూ బోల్టుల మీద పడ్డాం. తుప్పుకి అవి బోల్టులో, చెట్టు వేళ్ళో తెలీడం మానేసింది. కిరసనాయిలు పోసి నానబెట్టాం, సుత్తితో బుజ్జగించాం, నాన్న ప్రార్థన చేశాడు, మావయ్య తిట్టాడు. ఆఖరికి నేను రెంచీకి పైపు తొడిగి దాని మీద నిలబడి గెంతితే కిర్రుమని తిరిగింది. ఆ కిర్రు విన్నప్పుడు నాకు కలిగిన గర్వం డిప్లొమా పట్టా తీసుకున్నప్పుడు కూడా కలగలేదు. ఫ్యాక్టరీకి గోళ్ళనిండా మసితో వెళ్ళి, ఎవరైనా చూస్తారేమోనని చేతులు దాచుకోకపోగా టేబుల్ మీద పరిచి పెట్టుకునేదాన్ని.

కమానీలు రిక్షా బండిలో వేసుకుని భన్‌పురి వెళ్ళాం. అక్కడ లారీల వీధిలో కమానీ మిస్త్రీ ఒకడు. గొంతు పెద్దది, పొట్ట పెద్దది, మాటలు రెండిటికన్నా పెద్దవి. తన చేతిలో పడ్డ కమానీ ఇంక ఈ జన్మలో వంగదని, వంగితే మీసం తీసేస్తానని మేము అడక్కుండానే చెప్పాడు. (మీసం అప్పటికే లేదు. ఎందుకో అడగాల్సింది.) పాత పట్టీలు విసిరి పక్కన పారేసి, "మాల్ కిత్నా లాదోగే, బాబూజీ?" అన్నాడు. ఎంత సరుకు ఎక్కిస్తావు అని. జీపుకి సరుకేంటి, మనుషులెక్కుతారు అనాలి కదా? ముప్పై ఏళ్ళు బొగ్గూ సిమెంటూ మోసే వాగన్లతో కాపరం చేసిన నాన్నకి ఆ ప్రశ్న చెవిలో అమృతం పోసినట్టైంది. ఛాతీ విరుచుకుని, "జిత్నా మన్ కరే!" అన్నాడు. మనసైనంత! రోజంతా మోయాల్సినదానికన్నా ఎక్కువ మోసే లారీలతో బతికే మిస్త్రీకి ఆ జవాబు ఇంకా అమృతం. "తో పత్తా బఢా దేతే హైఁ", అయితే పట్టీలు పెంచేద్దాం అని, మూల పట్టీ దగ్గర్నుంచి అన్నీ కొత్తవి, మందంవి, ఉండాల్సినదానికన్నా ఎక్కువ పట్టీలు పేర్చాడు. కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో వంపు కొట్టించి, నూనెలో ముంచి తీస్తుంటే ముగ్గురం సర్కస్ చూస్తున్న పిల్లల్లా నిలబడిపోయాం. నేనైతే స్కేలు పెట్టి వంపు కొలిచి, "పర్ఫెక్ట్!" అని హిందీలో, తెలుగులో, తల ఊపి మరీ చెప్పాను. దేనికి పర్ఫెక్టో నన్నెవరూ అడగలేదు.

శుక్రవారం సాయంత్రానికి జీపు కొత్త కాళ్ళ మీద నిలబడింది. నిలబడ్డం కాదు, కూత వెయ్యబోయే కోడిపుంజులా పైకి లేచింది. అమ్మకి ఎక్కడానికి పీట వెయ్యాలి. నాన్న 'సిక్' చెరిపేసి 'ఫిట్' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. ట్రయల్‌కి అదే గిన్నె నిండా నీళ్ళు పోసి నా ఒళ్ళో పెట్టారు. వెనక మావయ్య, అలవాటు కొద్దీ పచ్చజెండా ఊపి, ఈల ఊదాడు. బయల్దేరాం. వీధి మలుపులో చిన్న రాయి. రాయంటే రాయి కూడా కాదు, కంకర ముక్క. అంతే, జీపు గాల్లోకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. నీళ్ళు ఒక్కటే ముద్దగా పైకెళ్ళి, కాసేపు ఆలోచించి, నా నెత్తి మీద పడ్డాయి. నాన్న స్టీరింగు పట్టుకుని వేలాడుతున్నాడు, మావయ్య వెనక కడ్డీకి తల కొట్టుకుని జెండా వదిలేశాడు. కుళాయి దగ్గర బిందె పట్టుకున్న ముసలావిడ బుగ్గ మీద చెయ్యేసుకుని, "ఏ దాయి! గాడీ హ నాచత్ హే!" అంది. బండి నాట్యం చేస్తోందట. పిల్లలందరూ వెనకాల పరిగెత్తి మరీ చూశారు. ఇంటి ముందు దిగేసరికి ఒళ్ళు హూనం. అమ్మ నా చేతిలో ఖాళీ గిన్నె చూసింది. డైరెక్టరీ తీసి కబాడీవాడి నంబరు కోసం వెతకడం మొదలుపెట్టింది, అంతే.

శనివారం పొద్దున్న నేను ఇంజనీరు అవతారం ఎత్తాను. "నాన్నా, ఎక్కువైన పట్టీలు తీసేద్దాం. మధ్య బోల్టు విప్పితే ఊడొచ్చేస్తాయి. ఒక్క పూట పని." నాన్న ససేమిరా అన్నాడు. ఒకసారి ఫిట్ అని రాశాక మళ్ళీ విప్పడం రైల్వేవాళ్ళ ఇంటా వంటా లేదట. నాకు ఒళ్ళు మండింది. "మీ పంతం కోసం బండి పోగొట్టుకుంటారా? రేపు చుక్క కాదు, గిన్నె గిన్నె ఎగిరిపోద్ది!" అని గట్టిగా అరిచాను. నాన్న చక్రం పక్కన అరుగు మీద కూర్చుని, చేతులు తుడుచుకుంటూ, నాకేసి చూడకుండా అన్నాడు: "నా సర్వీసంతా వాగన్లు చేశానమ్మా. బాగుచేసినవన్నీ వెళ్ళిపోయేవి. ఎటు పోయాయో, ఎలా నడిచాయో ఒక్కదాన్నీ మళ్ళీ చూళ్ళేదు. నేను చేసిన వాటిల్లో ఇంట్లో ఉండిపోయేది ఇదొక్కటే. అది తప్పని విప్పమంటావేంటి? ఖాళీగా ఉంటే ఏ వాగనైనా ఎగురుద్ది. లోడెక్కించి చూడు, ఉయ్యాల్లా నడుస్తాది."

నాన్న పక్కన కూర్చుని, ఆయన చేతిలో మసిగుడ్డ తీసుకుని నేనూ చేతులు తుడుచుకున్నాను, తుడుచుకోవడానికేం లేకపోయినా. అలా కూర్చుని ఆ చివరి ముక్క మళ్ళీ మనసులో అనుకున్నాను. లోడెక్కించి చూడు. లోడు! రేపు కోతపండగ! అరుగు మీంచి ఎగిరి గెంతాను.

కోతపండగంటే మా చర్చిలో ఏడాదికోసారి ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి కానుకగా పెట్టే పండగ. సొంత పొలాలు లేకపోయినా రైల్వే జీతాల్లోంచే బియ్యం బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు వస్తాయి. ఆరాధనయ్యాక అన్నిటికీ వేలం. బీర్‌గావ్‌లో ఉన్న తెలుగువాళ్ళందరూ వాటిని మోవాలో ఉన్న చర్చి దాకా ఆటోల్లో తిప్పలు పడి చేరవేస్తారు. శనివారం మధ్యాహ్నం మావయ్యని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. "ఆంటీ, రేపు మీ కానుక మా జీపులో వస్తుంది, మీరు ఆటో పెట్టుకోకండి." అందరూ ముందు రోజు నాట్యం చూసినవాళ్ళే. ఒకావిడ దణ్ణం పెట్టి, "మా కోడి గుడ్లు పెట్టే కోడమ్మా, దాన్ని చంపకు" అంది. "కోడి వద్దాంటీ, బియ్యం చాలు. ఎంత బరువుంటే అంత సంతోషం" అన్నాను. కానుక బరువుగా ఉండాలని అడిగిన మొదటి విశ్వాసిని నేనే అయ్యుంటాను.

ఆదివారం పొద్దున్నే ఎక్కించడం మొదలుపెట్టాం. మొదటి బస్తా వేస్తే జీపు పట్టించుకోలేదు. ఇంకోటి, ఇంకోటి. గుమ్మడికాయలు. అరటి గెలలు. బస్తాల మీద బరువైన మావయ్య. నేను నేల మీద బోర్లా పడుకుని కమానీల కేసి చూస్తున్నాను, చర్చి చీర అన్న సంగతి కూడా మర్చిపోయి. ఒక్కో బస్తాకీ విల్లు కొంచెం కొంచెం కిందికి సాగుతోంది. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారుతూ, రాసిన గ్రీజు తళతళలాడుతూ, పొగరంతా దిగిపోయి బుద్ధిమంతుడిలా కుదురుకుంటోంది. నాన్న కూడా వచ్చి నా పక్కన బోర్లా పడుకున్నాడు. "అదీ! అదీ లెవెలు! చెప్పానా!" అన్నాడు. తండ్రీ కూతుళ్ళం ఆదివారం బట్టల్తో మట్టిలో పడుకుని చప్పట్లు కొట్టుకుంటుంటే అమ్మ గిన్నెతో బయటికొచ్చింది. బస్తాల కేసి చూసింది, మా కేసి చూసింది. "దేవుడి కానుకలమ్మా, మొయ్యొద్దంటావా?" అన్నాను. అమ్మ పీట అక్కర్లేకుండా ఎక్కి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మూత తీసి పక్కన పెట్టింది. మా పైప్రాణాలు పైనే పోయాయి. మూత తియ్యడం ఒప్పందంలో లేదు. కానీ ఎవడు అడుగుతాడు?

నేను అమ్మ వెనకాల బస్తా మీద కూర్చుని పులుసు అంచునే చూస్తున్నాను. కంకర ముక్క దాటాం. పులుసు కాస్త ఊగి ఊరుకుంది. భన్‌పురి లారీల గోతులు వచ్చాయి. జీపు ఒకదాంట్లోకి మెల్లగా దిగింది, మెల్లగా లేచింది, నిద్దట్లో పక్కకి ఒత్తిగిల్లినట్టు. ముందు వెళ్తున్న మోటారు సైకిలువాడు ఎగిరెగిరి పడుతున్నాడు, మేం మాత్రం పడవలో పోతున్నట్టున్నాం. ఆఖరికి ఆ రైలు గేటు. నాన్న వీపు బిగుసుకోవడం నాకు చొక్కాలోంచి కనిపించింది. ముందు చక్రాలు పట్టా ఎక్కాయి. పులుసు అమ్మ వైపు వంగింది. గిన్నె అంచుకి వచ్చింది. చేప ముక్కొకటి తల పైకెత్తి బయటికి తొంగి చూసింది. వెనక చక్రాలు కూడా దిగాయి. ముక్క వెనక్కి జారి మునిగిపోయింది. గేటు అవతల మావయ్య బస్తాల మీద లేచి నిలబడి, ఆ పచ్చజెండా ఊపి ఊపి, దారినపోయే వాళ్ళందరికీ "రైట్! రైట్!" అని కేకలు వేశాడు. నేను ఏడ్చేశాను. ఎందుకంటే ఏం చెప్పను, సంతోషానికే.

చర్చి ముందు అమ్మ దిగి, గిన్నె చుట్టూ కొంగు పెట్టి తుడిచి, కొంగు చూసుకుంది. శుభ్రంగా ఉంది. "బానే నడిచింది" అంది. మా ఇంట్లో అమ్మ నోట్లోంచి 'బానే' అన్న మాట వచ్చిందంటే అది మెడల్ ఇచ్చినట్టు. ఆ రోజు నాన్న పాటలు ఎంత గట్టిగా పాడాడంటే, శ్రుతి కోసం హార్మోనియమే నాన్నని వెతుక్కుంది. పులుసు గిన్నె అడుగు కనిపించేసరికి ఎంతోసేపు పట్టలేదు.

కానీ మేం ముగ్గురం ఒక్క సంగతి ఆలోచించలేదు. బస్తాలన్నీ దింపేశారు, వేలమైపోయింది, ఎవరి సరుకు వాళ్ళు పట్టుకుపోయారు. విందయ్యాక బయటికొచ్చి చూస్తే ఏముంది, చెట్టు కింద జీపు మళ్ళీ కోడిపుంజులా మెడ ఎత్తుకుని నిలబడి ఉంది. అమ్మ ఎక్కబోయి ఆగింది. పీట ఎత్తు పెరిగిన మెట్టు కేసి చూసింది. జీపు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసింది. వంగి కమానీలు చూసింది. లేచి నన్ను చూసింది. "బస్తాలు దింపితే పొడుగైందేంటే ఇది?" నాన్న జేబుల్లో తాళం వెతుక్కుంటున్నాడు. మావయ్య ఆకాశంలో మబ్బులు లెక్కపెడుతున్నాడు. డిప్లొమా చదివిన నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నాను.

అమ్మ చర్చి వాకిలి వైపు తిరిగింది. ఆ ఇంజెక్షన్ గొంతుతో, ప్రహరీ అవతలికి వినబడేలా, "బీర్‌గావ్ వైపు వచ్చేవాళ్ళెవరు? ఆటోలొద్దు, డబ్బులొద్దు, అందరూ మా బండెక్కండి!" అంది. అందరూ తటపటాయించారు. "ఏంటి చూస్తారు? ఎక్కమన్నానా!" అంది. ఎక్కారు. ఆంటీలు ఎక్కారు, వాళ్ళాయనలు ఎక్కారు, పిల్లలు ఒళ్ళోకెక్కారు, వేలంలో కొన్న గుమ్మడికాయలు కాళ్ళ కిందికొచ్చాయి. అమ్మ కింద నిలబడి కమానీ కేసే చూస్తూ, "ఇంకో ఇద్దరు కావాలి" అంటోంది. చివర్న తను ఎక్కి నాన్న పక్కన కూర్చుంది. బండి కుదురుకుంది. అంతమంది గోలలో ఎవరికీ వినబడదనుకుని, నాన్నతో మెల్లగా అంది: "నిన్న మీరు కూతురితో మాట్లాడుతుంటే వంటింటి కిటికీ తెరిచే ఉందిలెండి. పోయినవన్నీ పోయాయి. ఇదొక్కటీ ఇంట్లో ఉండనివ్వండి." నాన్న వెంటనే బండి తియ్యలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. వెనక జనం "ఛలో అంకుల్, ఛలో!" అని అరుస్తున్నారు.

అంతే, ఆ తర్వాత ఆ జీపు ఖాళీగా తిరిగిన రోజు లేదు. ఖాళీగా తిప్పితే ఒళ్ళు హూనం కదా మరి. పెళ్ళిళ్ళకీ, ఆస్పత్రికీ, స్టేషనుకీ వీధి వీధంతా అందులోనే. ఇప్పుడు నాకో కారుంది. దాని కింద కమానీ పట్టీల్లేవు, గోతిలో పడితే పడ్డట్టే తెలీదు, ఒక్కదాన్నే కూర్చున్నా అణకువగా నడుస్తుంది. అయినా ఆఫీసు నుంచి వస్తూ మోవా దగ్గర బస్సు కోసం నిలబడ్డవాళ్ళని చూస్తే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. అద్దం దింపి, "బీర్‌గావ్ వైపా? ఎక్కండి, ఎక్కండి" అంటాను. సగం మంది అనుమానంగా చూసి వెనక్కి తగ్గుతారు. మా అమ్మాయి తల కొట్టుకుంటుంది, "మమ్మీ, అంతమందెందుకు మనకి?" అని. ఏం చెప్పను దానికి? బండి నిండకపోతే నాకింకా ఎక్కడో భయం, ఎగిరిపోతామని.